కువైట్‌లో తోటివాళ్లతో కలిసి రంజాన్ ఒక్కపొద్దు ఉండాలనుకుంటే

ఒక్కపొద్దు మనకు కొత్త కాదు. శనివారం ఒంటిపూట భోజనం, ఏకాదశికి పాలూ పండ్లూ, శివరాత్రికి జాగారం ఇంట్లో చూస్తూ పెరిగినవే. ఆ ధైర్యంతోనే కువైట్‌లో రూములో ఉండే ముస్లిం స్నేహితులతోనో, ఆఫీసులో పక్క సీటు ఈజిప్షియన్‌తోనో 'నేనూ ఒక రోజా ఉంటా' అనేస్తారు మనవాళ్లు. అన్నవాళ్లలో చాలామంది మధ్యాహ్నం రెండింటికల్లా చేతులెత్తేస్తారు. ఆకలికి కాదు. పొద్దున టీ పడక తల పగిలిపోతుంది, రాత్రి నిద్ర చాలక కళ్లు మూతలు పడతాయి, తెల్లవారుజామున తిన్న ఆవకాయన్నం నాలుకను పిడచకట్టిస్తుంది. మూడూ ముందురాత్రి చేసుకున్నవే. అందుకే ఇక్కడ పగటి గురించి తక్కువ, రాత్రి గురించి ఎక్కువ ఉంటుంది.

ముందు వేళలు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా అని మనలో చాలామంది చెప్పుకుంటారు. అది తప్పు. ఉపవాసం ఫజర్ అజాన్‌తో, అంటే తెల్లవారుజాము నమాజు పిలుపుతో మొదలై, సూర్యాస్తమయం వేళ మగ్రిబ్ అజాన్‌తో ముగుస్తుంది. కువైట్‌లో ఫజర్ సూర్యోదయానికి ఇంచుమించు గంటంపావు ముందు. ఇంకా చీకటే కదా అని ఐదున్నరకు ఇడ్లీ తింటూ కూర్చుంటే ఆ రోజు రోజా మొదలవకముందే పోయినట్టు. ఫిబ్రవరి మూడో వారంలో ఫజర్ సుమారు 5:05కి, మగ్రిబ్ 5:40కి పడతాయి. మార్చి మధ్యకల్లా ఫజర్ 4:40 దాకా వెనక్కి, మగ్రిబ్ 5:55 దాకా ముందుకు జరుగుతాయి. అంటే పన్నెండున్నర గంటల నుంచి పదమూడుంపావు. ముస్లింల నెలలూ చంద్రుణ్ణి బట్టే గానీ మనలా అధికమాసం కలపరు, కాబట్టి రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు వస్తుంది. 2017లో మే 27న మొదలైంది. ఆ ఎండల్లో ఒక్కో రోజా 15 గంటలు దాటేది. ఇప్పుడు నెల చలికాలంలోకి జరుగుతోంది. 2030లో జనవరిలో ఒకటి, డిసెంబరులో ఒకటి, రెండు రంజాన్‌లు మొదలవుతాయి. కొత్తవాళ్లకు ఇవి అనువైన ఏళ్లు.

నమాజు వేళల పట్టికలో ఫజర్‌కు ముందు ఇమ్సాక్ అని ఇంకో గడి ఉంటుంది. ఫజర్‌కు పది నిమిషాల ముందు వేళ అది, ఇక ముద్ద దించండి అని హెచ్చరిక. అసలు హద్దు ఫజరే. నోట్లో అన్నం పెట్టుకుని అజాన్ వినే పరిస్థితి రాకుండా ఇమ్సాక్‌కే చేయి కడుక్కోవడం మేలు. కువైట్‌లో వేళలకు ఖగోళవేత్త సాలెహ్ అల్ ఉజైరీ పేరుమీద ఉన్న క్యాలెండరే అందరికీ ప్రమాణం. ఫోనులో యాప్ ఉంటే ఊరు కువైట్ అనే ఉందో, ఇంకా కడపో రాజమండ్రో చూపిస్తోందో ఒకసారి చూసుకోండి. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు గుర్తుగా నాయిఫ్ ప్యాలెస్ ఫిరంగి పేలడం టీవీలో చూపిస్తారు. అదీ, పక్క మసీదు అజానూ ఒక్కసారే వినిపిస్తాయి.

నియమాలు తేలిక. తిండి, నీళ్లు, సిగరెట్, మందుబిళ్ల, కాపురం, ఇవేవీ పగలు కుదరవు. కావాలని వాంతి చేసుకున్నా పోతుంది. ఉమ్ము మింగితే, స్నానం చేస్తే, మరిచిపోయి నీళ్లు తాగేస్తే రోజా పోదు. గుర్తొచ్చిన క్షణం ఆపేసి కొనసాగించడమే. బ్రష్ చేయొచ్చు గానీ పేస్టు గొంతులోకి జారకూడదు, కాబట్టి ఆ పని సహర్ (ఫజర్‌కు ముందు తినే భోజనం) అయ్యాక, అజాన్‌కు ముందే ముగించుకోండి. పగలు నోరు వాసన వస్తుంది. చూయింగ్ గమ్ వాడకూడదు. నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయొచ్చు. రోగులు, ప్రయాణంలో ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులకు మినహాయింపు ఉంది. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు ఉండనే కూడదు. అందుకే ఆఫీసులో ఎవరైనా ముస్లిం మహిళ చాటుగా నీళ్లు తాగుతూ కనిపిస్తే 'మీరు రోజా లేరా' అని అడగకండి. మనవాళ్లు పదే పదే చేసే తప్పు ఇది.

ఇక టీ. గల్ఫ్‌లో ఉన్న తెలుగువాడి రోజు కరక్ చాయ్‌తో నడుస్తుంది. రోజుకు నాలుగైదు కప్పులు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చివరి కప్పు తర్వాత 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో తారస్థాయికి చేరుతుంది. దాన్ని ఆకలి నొప్పి అనుకుని ఉపవాసం తమకు పడదని తీర్మానించుకుంటారు. రోజాకు పది రోజుల ముందు నుంచే రెండు రోజులకొక కప్పు తగ్గించుకుంటూ వచ్చి, చివరికి రాత్రి ఒకటి, సహర్‌లో చిన్నది ఒకటి మిగుల్చుకోండి. సిగరెట్ సంగతీ ఇంతే. సాయంత్రం నాలుగింటికి వచ్చే కోపంలో సగం వాటా దానిదే.

నీళ్ల విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. సహర్‌లో అజాన్‌కు ఐదు నిమిషాల ముందు లీటరు బాటిల్ ఎత్తి గటగటా తాగేస్తారు. ఒంటె కాదు కదా మనిషి, దాచుకోవడానికి. ఒక్కసారిగా పోసిన నీళ్లలో ఎక్కువ భాగాన్ని మూత్రపిండాలు రెండు గంటల్లో బయటికి తోసేస్తాయి. ఏడింటికల్లా మూడుసార్లు బాత్రూముకు వెళ్లి, పదింటికి మళ్లీ దాహం అంటారు. ఇఫ్తార్ (సాయంత్రం ఉపవాసం విడిచే వేళ) నుంచి సహర్ దాకా రెండు నుంచి రెండున్నర లీటర్లు, అదీ విడతలుగా తాగాలి. ఇఫ్తార్‌లో రెండు గ్లాసులు, ఆపైన నిద్రపోయేదాకా గంటకొక గ్లాసు, సహర్‌లో తినడానికి ముందొకటి, తిన్నాక ఒకటి. ఒక విడత మజ్జిగలాంటి లబన్ అయితే ఇంకా మంచిది. మధ్యాహ్నానికి మూత్రం లేత పసుపులో ఉంటే లెక్క సరిపోయినట్టే. ముదురు రంగులో ఉంటే ఆ రాత్రి ఇంకో అర లీటరు పెంచండి.

సహర్‌లో మనవాళ్ల బలహీనత తెల్లన్నం, పచ్చడి. అన్నం ఒక్కటే అయితే త్వరగా అరిగిపోతుంది. ఆవకాయ, వడియాలు, ఊరమిరపకాయలు, అప్పడాల్లోని ఉప్పు రక్తంలో చేరితే మెదడు నీళ్లు అడుగుతుంది. అది తిన్న రెండు మూడు గంటలకే, ఇంకా పది గంటలు మిగిలి ఉండగా. పూరీ, మైసూర్ బోండా తింటే దాహంతోపాటు పులితేన్పులు. బొంబాయి రవ్వ ఉప్మా కడుపు నిండినట్టు చేసి మోసం చేస్తుంది. నిలబడేవి ఏమిటంటే రాగిసంగటి ముద్ద ఒకటి, పప్పు, గిన్నెడు పెరుగు. లేదా పెసరట్లు రెండు, గుడ్లు రెండు, అరటిపండు. జొన్నరొట్టె చేసుకునే ఓపిక ఉంటే అదీ. రాగిపిండి, పెసలు ఫర్వానియాలోనో జిలీబ్‌లోనో ఇండియన్ కొట్టులో దొరుకుతాయి. పెరుగన్నమే కావాలంటే అన్నం సగానికి తగ్గించి, గుప్పెడు ఉడికించిన శనగలు కలిపి, పచ్చడి లేకుండా తినండి.

వంటకు ఓపిక లేని బ్యాచిలర్ రూముకు మాత్రం అరబ్బుల ఫూల్ మెదమ్మస్‌ను మించింది లేదు. ఏ బకాలాలో, అంటే కిరాణా కొట్టులో చూసినా ఫూల్ టిన్ను ఉంటుంది, లోపల బాకలా (ఫావా బీన్స్) గింజలు. 400 గ్రాముల టిన్ను ఇద్దరికి సరిపోతుంది. నీళ్లతో సహా గిన్నెలో పోసి సన్నటి మంటమీద పది నిమిషాలు మరిగించి, గరిటెతో సగం గింజలు మెదపాలి. దంచిన వెల్లుల్లి రెబ్బ ఒకటి, అర చెంచా జీలకర్ర పొడి, అర నిమ్మచెక్క రసం, తరిగిన టమాటా, రెండు చెంచాల ఆలివ్ నూనె. ఉప్పు టిన్నులోనే ఉంటుంది, వేయకండి. ఇక్కడే చాలామంది చెడగొడతారు. రెండు ఖుబూస్ రొట్టెలతో తింటే పీచు, మాంసకృత్తులు రెండూ ఉండబట్టి మధ్యాహ్నం దాకా ఆకలి అడ్డం రాదు. జి6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు మాత్రం ఈ గింజల జోలికి వెళ్లకూడదు, ఎర్రరక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది.

తినడం అజాన్‌కు నలభై నిమిషాల ముందు మొదలుపెట్టండి. రాత్రే తినేసి సహర్ మానేసేవాళ్లున్నారు, లేవడానికి బద్ధకం. మొదటిరోజు బాగానే నడుస్తుంది, రెండోరోజు సాయంత్రానికి కళ్లు తిరుగుతాయి.

నిద్ర రెండు ముక్కలవుతుంది. పదిన్నరకు పడుకుని నాలుగింటికి లేచి, ఫజర్ అయ్యాక ఇంకో గంటన్నర పడుకుంటే నెట్టుకురావచ్చు. మధ్యాహ్నం ఇరవై నిమిషాల కునుకు దొరికితే వదులుకోకండి. గంట పడుకుంటే మాత్రం లేచాక తల బరువు. అసలు చిక్కు గబ్గాతో. ఇఫ్తార్‌కూ సహర్‌కూ మధ్య, రాత్రి పదిన్నర తర్వాత కువైటీలు బంధువులకూ స్నేహితులకూ, కంపెనీలు ఉద్యోగులకూ పెట్టే విందు అది. పిలిస్తే వెళ్లండి, మచ్‌బూస్ (మాంసంతో వండిన మసాలా అన్నం) రెండు ముద్దలు రుచి చూసి, పండ్లతో సరిపెట్టుకోండి. అక్కడ పీకలదాకా తిని ఒంటిగంటకు పడుకున్నవాడికి సహర్ గొంతు దిగదు.

ఉపవాసం ఎలా విడవాలన్నది వాళ్ల పద్ధతిలోనే బాగా కుదిరింది. ఖర్జూరాలు బేసి సంఖ్యలో, మామూలుగా మూడు, ఆపైన నీళ్లు. అంతటితో ఆపి మగ్రిబ్ నమాజుకు లేస్తారు. పది పదిహేను నిమిషాలు గడుస్తాయి. మూడు చిన్న ఖర్జూరాల్లో 15 నుంచి 20 గ్రాముల చక్కెర ఉంటుంది, ఆ కాసేపట్లో అది ఒంటికి అందుతుంది, ఆత్రం తగ్గుతుంది. నమాజు చేయని మనం ఆ పదిహేను నిమిషాల్లోనే నాలుగు సంబూసాలు, రెండు గ్లాసుల విమ్టో షర్బత్ లాగించేసి, తర్వాత పొట్ట పట్టుకుంటాం. వాళ్లు వచ్చేదాకా ఊరికే కూర్చోండి. నమాజు చేస్తున్నవాళ్ల ముందు నుంచి దాటకండి. తర్వాత వేడిగా పప్పుతో చేసే షోర్బత్ అదస్, ఆపైనే అసలు భోజనం. తష్రీబ్ అంటే మాంసం పులుసులో నానిన రొట్టె, జిరీష్ అంటే గోధుమ నూక వంటకం. హరీస్ చూస్తే హైదరాబాదీలకు ప్రాణం లేచొస్తుంది. గోధుమలు రాత్రంతా నానబెట్టి, మాంసంతో గంటల తరబడి ఉడికించి మెదిపి, నెయ్యి పోస్తారు. మసాలా పెద్దగా ఉండదు. నిజాం సైన్యంలో చేరిన హద్రమౌత్ (యెమెన్) అరబ్బుల వెంట ఇదే హైదరాబాద్ బార్కస్ చేరింది. మన హలీమ్ దీనికి కారం మరిగిన తమ్ముడు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. హరీస్‌లో మాంసం ముక్క కనిపించదు, కానీ లోపల కలిసిపోయి ఉంటుంది. షోర్బత్ అదస్‌లో చాలాచోట్ల చికెన్ క్యూబ్ వేస్తారు. సంబూసా జున్నుతోనూ ఉంటుంది, కీమాతోనూ ఉంటుంది, పైకి తేడా తెలియదు. 'ఫీ లహమ్?' అని అడగండి, ఇందులో మాంసం ఉందా అని. గొడ్డుమాంసం తినని వాళ్లు 'లహమ్ బఖర్?' అని విడిగా అడగాలి. ఎవరూ ఏమీ అనుకోరు. ఎవరైనా పగలు ఏదైనా పెట్టబోతే 'అనా సాయిమ్' అంటే చాలు, ఆడవాళ్లయితే 'సాయిమా'. నెల మొదట్లో కువైటీలు చెప్పే పలకరింపు 'మబారక్ అలైకుమ్ అష్షహర్'. జవాబు 'అలైనా వ అలైకుమ్'.

మసీదుల దగ్గర, 'ఇఫ్తార్ సాయిమ్' అని బోర్డు ఉన్నచోట్ల ఉచిత భోజనం పెడతారు. మతం అడగరు. అరగంట ముందే వెళ్లి వరుసలో కూర్చోవాలి, చెప్పులు బయట, ఒక మనిషికి ఒక పొట్లం, అజాన్ వినపడేదాకా మూత తీయకూడదు. ఖర్జూరం, నీళ్లు, లబన్, పండు, చికెన్ అన్నం ఉంటాయి సాధారణంగా. వంటకు గతిలేని కూలీలకోసం పెట్టిన వరుస అది. సరదాగా చూడాలనుకుంటే ఒకరోజు చాలు, రోజూ వద్దు.

పని సంగతికొస్తే, 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం రంజాన్‌లో వారానికి 36 గంటలే పని. ఇది ఇళ్లలో పనిచేసేవాళ్లకు వర్తించదు. వాళ్లకు 2015 నాటి 68వ నంబరు చట్టం వేరే ఉంది, రోజుకు 12 గంటలు మించకూడదంటుంది. కడప జిల్లా నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఖద్దామాలుగా వచ్చిన మన అక్కచెల్లెళ్లకు ఈ నెలలో పని తగ్గదు, పెరుగుతుంది. మధ్యాహ్నం రెండింటికి సంబూసాలు మడతపెట్టడంతో మొదలై, గబ్గా గిన్నెలు కడిగేసరికి రాత్రి రెండవుతుంది, మళ్లీ సహర్ వంట. ఇంట్లో అందరూ ఉన్నారని మొహమాటానికి ఉపవాసం ఉండక్కర్లేదు. ముస్లిం కానివాళ్లకు అది విధి కాదని మేడమ్‌కూ తెలుసు. వంటింట్లో చాటుగా నీళ్లు తాగుతూ పనిచేసుకోవడం తప్పేమీ కాదు. ఉండాలనే మనసుంటే పని తక్కువ ఉండే ఒకరోజు ఎంచుకుని, ముందే మేడమ్‌తో చెప్పండి. ఎండలో తాపీ పని, పరంజా పని చేసేవాళ్లు మాత్రం నీళ్లు మానకండి. వడదెబ్బ మాట అటుంచి, ఎత్తు మీద తల తిరిగితే ప్రాణానికే ముప్పు. సాయంత్రం బండి నడిపేవాళ్లు మగ్రిబ్‌కు ముందు అరగంట రోడ్డుమీద లేకుండా చూసుకోండి. ఖాళీ కడుపులతో అందరూ ఇంటికి పరుగెత్తే వేళ.

మధ్యలో విడిచేయాల్సి వస్తే ఎక్కడన్నది ముఖ్యం. 1968 నాటి 44వ నంబరు చట్టం ప్రకారం కువైట్‌లో రంజాన్ పగటివేళ బహిరంగంగా తినడం, తాగడం నేరం. 100 దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. ఇది అన్ని మతాలవాళ్లకూ. సిగ్నల్ దగ్గర కారులో కూర్చుని బాటిల్ ఎత్తినా బయట తాగినట్టే చూస్తారు. రూములోకో, ఆఫీసు లోపలి గదిలోకో వెళ్లి తాగండి.

షుగర్ ఉన్నవాళ్లు ఒక్కరోజైనా సరే డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టొద్దు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లకు మధ్యాహ్నం చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ 2021 మార్గదర్శకాల్లో గీత స్పష్టంగా గీశారు. గ్లూకోజు 70 కన్నా తగ్గినా, 300 దాటినా, ఇంకో పది నిమిషాల్లో అజాన్ ఉన్నా సరే, వెంటనే విడిచేయాలి. వేలికి సూది గుచ్చి చూసుకుంటే రోజా పోదు, కాబట్టి చూసుకోవడానికి సాకు లేదు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, బీపీకి నీరు తీసే బిళ్లలు వేసుకునేవాళ్లు, అల్సర్ ఉన్నవాళ్లు కూడా ముందు అడగాలి. మతి తప్పిన మాటలు, గుండెదడ, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మడం, వీటిలో ఏదైనా కనిపిస్తే నీళ్లు తాగేయడమే. నాలుగో రోజుకు మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది. తెల్ల ఖుబూస్ తగ్గించి, రాత్రి సలాడ్, అంజీర్ పెంచితే సర్దుకుంటుంది.

ఇఫ్తార్‌కు ముందు పక్కింటి నుంచి గిన్నె వస్తుంది. దాన్ని ఖాళీగా తిప్పి పంపరు, మన ఊళ్లోలాగే. బొబ్బట్లు, పెసరపప్పు పాయసం, శనగ గుగ్గిళ్లు, మిరపకాయ బజ్జీలు, ఏవైనా ఇష్టంగా తింటారు. మగ్రిబ్‌కు ఇరవై నిమిషాల ముందు అందేలా పంపండి, అజాన్ అయ్యాక తలుపు కొట్టకండి. ఒక్కటి మరవద్దు. దేవుడికి నైవేద్యం పెట్టినది వాళ్లు తినరు. శుక్రవారం పూజ ఉంటే వాళ్ల భాగం పూజకు ముందే విడిగా తీసి ఉంచండి. నెల మధ్యలో 13, 14, 15 రాత్రుల్లో గిర్గియాన్ అని పిల్లలు రంగురంగుల బట్టలు వేసుకుని సంచులతో వస్తారు. మిఠాయిలు, పల్లీలు, అక్రూట్లు సిద్ధంగా పెట్టుకోండి.

ఎన్ని రోజాలు ఉండాలని అడిగితే, మొదటి వారం వదిలేయమనే చెప్తాను. అప్పుడు వాళ్లకే తల పట్టుకుని ఉంటుంది, మీకు సాయం చేసే ఓపిక ఉండదు. రెండో వారంలో ఒక శుక్రవారం, సెలవు కాబట్టి. అది కుదిరితే వరుసగా మూడు. ఒంటికి అలవాటు వరుసగా ఉంటేనే వస్తుంది, వారానికొకటి ఉంటే ప్రతిదీ మొదటిదే. చివరి రోజు మీద పెట్టుకున్నవాళ్లు 29వ రోజు రాత్రి నెలవంక వార్త వినకుండా సహర్‌కు అలారం పెట్టకండి. చంద్రుడు కనిపిస్తే తెల్లారి పండుగ, పండుగనాడు ఉపవాసం నిషిద్ధం. 2025లో అలాగే 29 రోజాలతో నెల ముగిసి, కువైట్‌లో ఈద్ మార్చి 30న వచ్చింది. ఆ రోజే మన ఉగాది. అలారం తీయడం మరిచిపోయి లేచినవాళ్లకు ఉగాది పచ్చడికి చింతపండు నానబెట్టుకునే వేళయింది.